ముట్టుకోని రెండు వరసలు

తాటిపాక,
ఫిబ్రవరి 9, 2025.

తమ్ముడు సతీష్‌కి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పంపకాలప్పుడు మనిద్దరం ఫోన్లో అనుకున్న మాటలు చాలు. "ఇకమీదట మీ అన్నదమ్ములు ఏం చెప్పుకోవాలన్నా కాగితమ్మీద రాసుకోండయ్యా, కాగితం అరవదు" అన్నారు రాజోలు బావగారు. ఆయన మాట ప్రకారం రాస్తున్నాను.

పీచు మిల్లు నాకు వచ్చింది. నువ్వు మీ అత్తవారి ఊరు రాయవరంలో షెడ్డు వేసుకుని, మేడల మీద మొక్కలు పెంచేవాళ్లకి కొబ్బరి పొట్టు ఇటుకలు అమ్ముకుంటానన్నావు. అంతవరకు చిక్కు లేదు. పేరు దగ్గరే వచ్చింది చిక్కు. నాయనమ్మ పేరున పెట్టిన అచ్చాయమ్మ కాయిర్‌ని కోసి పంచడం ఎవరికీ చేతకాలేదు. ఇంటర్నెట్లో ఆ పేరు మీద సైటు ఉంది, ఈమెయిలు ఉత్తరాలు వచ్చే పెట్టె ఉంది. సైటు నీకూ, పెట్టె నాకూ అని పెద్దలు తేల్చారు. ఆ రోజు బావగారి పక్కింటి బుల్లబ్బాయి ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది. "అంటే ఏంటండీ, గుమ్మం మీద బోర్డు తమ్ముడికీ, గోడకున్న పోస్టు డబ్బా అన్నకీనాండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. అతను అన్నది తప్పు కాదు.

ఆ పేరు తాలూకు కంట్రోల్ ప్యానెల్ పాస్‌వర్డ్ విడిగా చిన్న చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. లోపలికి వెళితే వరసలు వరసలుగా కనిపిస్తాయి. పేరు పట్టుకుని వచ్చినవాళ్లని ఎటు పంపాలో ఆ వరసలు చెబుతాయి. ఎ అని ఉన్న వరసలో ఒక పొడవాటి అంకె ఉంటుంది. సైటు చూడడానికి వచ్చినవాళ్లని అది ఆ అంకె గల చోటికి పంపుతుంది. ఎం.ఎక్స్. అని ఉన్నవి రెండు వరసలు. ఉత్తరాలు ఎక్కడ దింపాలో చెప్పేవి అవి. ఎ వరస నీది, నీ ఇష్టం. ఎం.ఎక్స్. వరసలు రెండూ నావి. వాటిని ముట్టుకోవద్దు.

ఇవి నాకెవరూ నేర్పలేదు. మొదట్లో ఎక్కడో ఒక చుక్క ఎక్కువ పెట్టి సైటే కనపడకుండా చేశాను. అందుకని చెబుతున్నాను, ఏదైనా మార్చాక వెంటనే కనపడలేదని కంగారుపడి మళ్లీ మార్చకు. లోకానికి తెలియడానికి కొంత సమయం పడుతుంది.

ఆ పెట్టెకి రాసేది ముఖ్యంగా ఒక్కడే. పోలండ్‌లో స్ట్రాబెర్రీ తోటలకి మన ఇటుకలు కొనే మారెక్ గారు. ఉగాదికి కాస్త ముందో వెనకో ఆయనే రాస్తారు. నేను ముందుగా రాసి అడగను. అలా మొదలైంది, అలాగే జరుగుతోంది. ఏడాదంతా మిల్లు తిరిగేది ఆ ఒక్క ఉత్తరం మీద. ఇంతగా చెప్పడం అందుకే.

మరదలు భవానీదేవిని అడిగానని చెప్పు. కొత్త షెడ్డుకి పడమటి వైపు జల్లు కొట్టకుండా చూసుకో. పొట్టు తడిస్తే ఎందుకూ పనికిరాదు.

మీ అన్నయ్య,
కేశవరావు


రాయవరం,
మార్చి 2, 2025.

అన్నయ్యకి,

సతీష్ నమస్కారాలు. నీ ఉత్తరం చేరింది. కాగితం మీద నీ మాటలు ఫోన్లో కంటే ఎక్కువే ఉన్నాయి. భవాని చదివి "మీ అన్నయ్యగారికి ఇన్ని మాటలు వచ్చాండీ?" అని ఆశ్చర్యపోయింది.

పడమటి వైపు రేకు దించాను. హైదరాబాదులో మేడల మీద తోటలు పెంచేవాళ్లు బాగానే అడుగుతున్నారు. ఒకావిడ ఇటుక నీళ్లలో నానబెట్టాక ఉబ్బిపోయిందనీ, పాడైపోయిందేమోననీ ఫోను చేసింది. ఉబ్బడమే దాని పని అమ్మా అని చెప్పేసరికి నా పని అయింది.

సైటు మాత్రం మరీ నత్తనడక. మండపేటలో సైట్లు చేసిపెట్టే ప్రియాంక నీకు తెలుసు, భవాని అక్కగారి అమ్మాయి. చూసి "బాబాయ్, ఇది తెరుచుకునేలోపు మొక్క మొలిచి కాయ కాసేస్తాది. కంపెనీ మార్చేద్దాం" అంది. సరే అన్నాను. కొత్త కంపెనీ వాళ్లు రెండు నేమ్ సర్వర్ల పేర్లు ఇచ్చారు. మన ప్యానెల్లోనే వేరే పేజీలో పాత పేర్లు తీసి ఇవి పెట్టాలట. పెట్టాం. మర్నాటికి సైటు పరుగు అందుకుంది.

నీ వరసల గురించి బెంగ పెట్టుకోకు. ప్రియాంక ఏదో చూద్దామని ఆ పేజీ తెరవబోతే, "అది అన్నయ్యది, అటు వెళ్లొద్దు" అని చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. "అన్నదమ్ముల గట్టులాగుందే" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. నీ ఎం.ఎక్స్. వరసలు నువ్వు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నీ దగ్గు ఎలా ఉంది? వదినని అడిగానని చెప్పు. పంపకాల రోజున నేనన్న మాటల్లో కొన్ని అనకుండా ఉండాల్సింది.

నీ తమ్ముడు,
సతీష్


తాటిపాక,
ఏప్రిల్ 12, 2025.

సతీష్‌కి,

నీ ఉత్తరం అందింది. సైటు బాగుపడినందుకు సంతోషం. నీకు ఆర్డర్లు బాగా వస్తున్నాయని బావగారు చెప్పారు. అదీ సంతోషమే.

ఇక్కడ ఉగాది వెళ్లింది. ఎండలు ముదిరాయి. కొబ్బరి డొక్కలు చవగ్గానే దొరుకుతున్నాయి గాని ఎక్కువ కొనడం లేదు. మిల్లు ఒక పూటే తిప్పుతున్నాం. నాకు దుమ్ము పడడం లేదని డాక్టరు గారు కూడా అన్నారు. మన మిల్లులో పనిచేసే పోలమ్మ నిన్న గేటు దగ్గర పట్టుకుని, "మిల్లు చప్పుడు లేపోతే మా పాకలో నిద్ర పట్టట్లేదండీ బాబూ, ఉట్టినే అయినా తిప్పండి" అంది. చూద్దాంలే అన్నాను.

అన్నీ మనమే పట్టుకుని కూర్చోవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఎవరికి ప్రాప్తం ఉంటే వాళ్లకి.

మీ వదిన కొత్తావకాయ జాడీ ఒకటి మీకని తీసి పెట్టింది. బావగారు అటు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. అక్కడ అంతా సవ్యంగానే నడుస్తోంది కదా?

కేశవరావు


రాయవరం,
మే 4, 2025.

అన్నయ్యకి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

నీ సంగతి నాకు తెలియనిదా? నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సైకిలు కావాలని ఏడిస్తే, నువ్వు ఏమీ అనకుండా పొలం వెళ్లిపోయావు. వారం తిరిగేసరికి మిల్లు షెడ్డులో కొత్త సైకిలు గోడకి ఆనించి ఉంది. "అది ఎవరిదన్నయ్యా?" అంటే, "అక్కడుంటే నీదే అయ్యుంటుంది" అన్నావు. నీ ఇవ్వడం ఎప్పుడూ అంతే.

అందుకే మార్చి నెలాఖరులో మారెక్ గారి ఉత్తరం తిన్నగా నా పెట్టెలోకి వచ్చేసరికి మొదట తెల్లబోయాను. పొరపాటేమో, నీకు పంపాలేమో అనుకున్నాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. దుమ్ము పడడం లేదనీ, ఒక పూటే తిప్పుతున్నావనీ, అన్నీ మనమే పట్టుకుని కూర్చోనక్కర్లేదనీ రాశావు. భవానికి చదివి వినిపించాను. "ఇంకా అర్థం కాలేదాండీ? ఆయన మీకు వదిలేసేరు. ఎదురుగా చెప్పలేక ఇలా రాసేరు" అంది. ఆవిడకి కళ్లనీళ్లు వచ్చాయి. నాకూ వచ్చాయి.

అప్పుడు మారెక్ గారికి జవాబు రాశాను. కేశవరావు గారి తమ్ముణ్ణనీ, అన్నయ్య తరఫున ఇకమీద నేను చూసుకుంటాననీ రాశాను. ఆయన సరే అన్నారు. పొట్టులో ఉప్పు పోయేదాకా ఎన్నిసార్లు కడగాలో నువ్వు చెప్పిన పద్ధతే పాటించాను. ఇంకో ప్రెస్సు కొన్నాను. కంటైనరు నింపాం. ఈ నెల మూడో వారంలో విశాఖపట్నంలో ఓడ ఎక్కుతుంది.

నీకు రాయకుండా ఇన్నాళ్లు ఆగింది ఎందుకంటే, చేసి చూపించి చెబుదామని. సరుకు నీ దగ్గర కొనవచ్చు. కాని నీకు విశ్రాంతి కావాలనుకున్నప్పుడు మళ్లీ నీ నెత్తినే పెట్టడం బాగుండదనిపించింది.

థాంక్స్ అని రాస్తే నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా రాస్తున్నాను.

నీ తమ్ముడు,
సతీష్


తాటిపాక,
మే 15, 2025.

శ్రీ నాగసతీష్ గారికి,

మీరు మే నాలుగున రాసిన ఉత్తరం చేరింది. అంత చక్కగా రాయడం మీకు వచ్చునని నాకు తెలియదు.

నేను మీకు మారెక్ గారిని ఇవ్వలేదు. ఇస్తానని అనలేదు, అనుకోలేదు. ఉగాది ముందు నుంచి ఆ ఒక్క ఉత్తరం కోసం రోజూ పెట్టె తెరిచి చూసుకున్నాను. పోలమ్మకీ, తక్కినవాళ్లకీ ఇవాళ కాదు రేపని చెబుతూ వచ్చాను. మిల్లు ఒక పూట తిప్పింది దుమ్ముకి కాదు, పని లేక. ఆ సంగతి మీకు రాయలేదు. వచ్చేది రాకపోతే తమ్ముడి దగ్గర ఏడవడం నాకు అలవాటు లేదు.

మీ ఉత్తరం చదివాక కూడా వెంటనే తప్పుపట్టలేదు. యంత్రంలో ఏదో జరిగి ఉండవచ్చని ప్యానెల్ తెరిచాను. నా ఎం.ఎక్స్. వరసలు రెండూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. నా పెట్టె నుంచి నా పెట్టెకే ఒక ఉత్తరం పంపాను. రెప్పపాటులో వచ్చి పడింది. దారి బాగుంది, పెట్టె బాగుంది. మారెక్ గారి ఉత్తరం మాత్రం మీ దగ్గరికి వచ్చింది. అంటే ఆయన్ని అటు రాయమని ఎవరో చెప్పారు. ఎవరో నేను వేరే చెప్పనక్కర్లేదు.

రాజోలులో బావగారి ఇంటి దగ్గర నలుగురూ ఉండగా ఈ మాట పెట్టాను. "తొందరపడకయ్యా. సతీష్‌ని ఓమాటు పిలిచి అడుగుదాం, తెలియక జరిగిందేమో" అన్నారు బావగారు. "అడగడానికేవుందండీ? చేసేనని వాడే సంతకం పెట్టి పంపించేడు కదండీ" అన్నాను. దొంగ అని కూడా అన్నాను. మీ చెవికి ఎలాగూ చేరుతుంది కనుక నేనే రాస్తున్నాను.

మారెక్ గారికి నా సొంత చిరునామా నుంచి రాశాను. మా పేరు పెట్టుకుని మీతో మాట్లాడుతున్నది మా మనిషి కాదు, అతని సరుకుకి మా పూచీ లేదు అని.

సైటు మీకు ఇచ్చాం. అది మీదే, ఉంచుకోండి. ఆవకాయ జాడీ బావగారి ఇంట్లో ఉంది. అది మీ వదిన పెట్టింది గనక తీసుకోండి.

కేశవరావు


రాయవరం,
మే 24, 2025.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఫోను చేశాను. కట్ చేశావు. మళ్లీ చేశాను, స్విచాఫ్. అందుకని ఇది రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. పూర్తిగా చదువు. తిట్టాలనిపిస్తే తరవాత తిట్టు.

నేను మారెక్ గారికి ముందు రాయలేదు. మన అమ్మ మీద ఒట్టు. నిన్న మండపేట వెళ్లి ప్రియాంకని కూర్చోబెట్టి మొదటి నుంచీ చూపించమన్నాను. చూస్తూ చూస్తూ ఆ పిల్ల ముఖం మాడిపోయింది. "అయ్యో బాబాయ్, తప్పు మనదే" అంది.

జరిగింది ఇది. మనం నేమ్ సర్వర్ల పేర్లు మార్చినప్పుడు, మన పేరుకి సంబంధించిన వరసలన్నీ ఎక్కడ చూడాలో అదే మారిపోయింది. అప్పటి నుంచి లోకం కొత్త కంపెనీ ప్యానెల్లో రాసి ఉన్న వరసలే చూస్తోంది. పాత ప్యానెల్లో నీ రెండు వరసలూ ఉన్నాయి. కాని వాటిని చూసేవాళ్లు లేరు. మన చేనికి నీళ్లొచ్చే బోదె తలుచుకో. తూము తెరిచే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. కాలవనే పైన లాకుల దగ్గర ఇంకోవైపు తిప్పేశారు. తూము దగ్గర నిలబడి ఎంతసేపు చూసినా నీళ్లు రావు.

కొత్త ప్యానెల్లో నీ ఎం.ఎక్స్. వరసలు మళ్లీ ఎక్కించాలి. ఎవరూ ఎక్కించలేదు. అలా వదిలేస్తే ఆ పేరు మీద ఎవరికి ఏ ఉత్తరం వచ్చినా ఆ కంపెనీ దాన్ని, సైటుతో పాటు నాకిచ్చిన పెట్టెలో పడేస్తుందట. అలా వచ్చాడు మారెక్ నా దగ్గరికి. నీ చిరునామాకే రాశాడు పాపం.

నువ్వు నీకు నువ్వు పంపుకున్న ఉత్తరం ఎందుకు వచ్చిందని కూడా అడిగాను. పంపే పెట్టె, అందుకునే పెట్టె ఒక్క కంపెనీవే గనక అది బయటికి వెళ్లకుండా లోపల్లోపలే చేతులు మారిందట. బావగారి ఫోను నుంచి పంపి చూస్తే తెలిసేది.

నువ్వు ముట్టుకోవద్దన్నావు, నేను ముట్టుకోలేదు. అక్కడితో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. కంపెనీ మారుస్తున్నాం, నీ వరసలు ఏమవుతాయి అని నిన్ను ఒక్కమాట అడిగి ఉండాల్సింది. అది నా తప్పు, ఒప్పుకుంటాను. నీ ఉత్తరాన్ని నాకు నచ్చినట్టు చదువుకున్నాను. అదీ తప్పే. కాని దొంగ అన్నావు. నలుగురిలో అన్నావు. ఉగాది వెళ్లాక "మారెక్ దగ్గర నుంచి ఏమీ రాలేదురా" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

ఇప్పుడు అసలు సంగతి. మారెక్ గారి ఆఫీసు నుంచి నిన్న రాశారు. ఒకే పేరుతో ఇద్దరు రెండు చోట్ల నుంచి రాస్తున్నారు, ఒకరు రెండోవాళ్లని మోసగాడంటున్నారు, ఇలాంటివాటిలో మేం ఇదివరకు దెబ్బతిన్నాం, ఎవరు ఎవరో తేలేదాకా సరుకు ఓడ ఎక్కించవద్దు అని. జూన్ పదిహేను దాకా చూస్తారట. ఆ తరవాత తమిళనాడు నుంచి తెప్పించుకుంటారట.

కంటైనరు పోర్టులో ఉంది. నేను ఎంత చెప్పినా వాళ్లకి నేను మోసగాడినే. నువ్వు రాయాలి. "వాడు నా తమ్ముడు, నేను పొరపాటు పడ్డాను" అని నీ చిరునామా నుంచి ఒక్క వాక్యం రాస్తే చాలు. సరుకు వెళ్లాక ఆ ఆర్డరు నీదే. వచ్చే ఏడు నుంచి మారెక్ నీవాడే. నేను ఆ వైపు చూడను. కొత్త ప్యానెల్ పాస్‌వర్డ్ ఇందులో పెట్టాను, నీ వరసలు నువ్వే ఎక్కించుకో. నన్ను నమ్మలేకపోతే నీ కళ్లతో చూసుకో.

జూన్ పదిహేను. మరిచిపోకు.

సతీష్


రాయవరం,
జూన్ 28, 2025.

అన్నయ్యగారికి,

బావగారు కాశీ నుంచి నిన్న వచ్చారు. ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. లోపలున్న కవరు నేను మే నెలలో పంపిన రిజిస్టర్డ్ ఉత్తరం. పుచ్చుకోవడానికి నిరాకరించారని రాసి తిప్పి పంపారు. తాటిపాక పోస్టుమాన్ సాలమోనుకి ఫోను చేసి అడిగాను. "నేను చెప్పి చూసేనండీ. తమ్ముడుగారి దగ్గర్నుంచండీ, తీసుకోండీ అన్నానండీ. వాడి దగ్గర్నుంచి కాబట్టే వద్దంటున్నానన్నారండీ" అన్నాడు.

అందులో రాసినవాటికి గడువు దాటిపోయింది. మారెక్ గారి ఆఫీసు వాళ్లు పదహారో తేదీనే ఆర్డరు రద్దు చేసుకున్నారు. అయినా పంపుతున్నాను. ఎందుకంటే మీరు నలుగురిలో ఒక మాట అన్నారు, దానికి జవాబు అందులో ఉంది. చదివితే చదవండి. లేకపోతే బావగారికే తిరిగి ఇచ్చేయండి.

నాగసతీష్


తాటిపాక,
జూలై 9, 2025.

తమ్ముడు సతీష్‌కి,

కవరు విప్పి చదివాను. మీ వదిన ఎదురుగా కూర్చుని ఉంది. ఏం రాశాడని అడిగితే కాగితం తన చేతికిచ్చాను. చదివి మడత పెట్టింది. తరవాత, "ఏవండీ, మీరు ఎప్పుడైనా ఏదైనా చెప్పి ఇచ్చేరా? చెప్పకుండా ఇచ్చే మనిషి కాబట్టే, ఇచ్చేరనుకున్నాడు. ఇప్పుడు చెప్పకుండానే తీసేసుకున్నారు" అంది. ఆయ్, నిజమే అన్నాను.

కొత్త ప్యానెల్ తెరిచాను. నువ్వు రాసినట్టే ఉంది. ఎం.ఎక్స్. వరస వాళ్లది ఒకటి ఉంది. అది తీసి నావి రెండూ ఎక్కించాను. బావగారి ఫోను నుంచి ఉత్తరం పంపమన్నాను. సాయంత్రానికి వచ్చింది. అంటే మార్చి నుంచీ నేను వేరే ఎవర్నైనా ఒక ఉత్తరం పంపమని ఉంటే సంగతి తెలిసేది. నన్ను నేనే అడిగి, నాకు నేనే జవాబు చెప్పుకుని ఊరుకున్నాను.

మారెక్ గారికి రాశాను. రాసింది నా తమ్ముడేననీ, వేరే మనిషి కాదనీ, పొరపాటు పూర్తిగా నాదేననీ రాశాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చారు. అన్నదమ్ముల మధ్య సమాధానం కుదిరినందుకు సంతోషమన్నారు. తమిళనాడు వాళ్లతో ఒప్పందం మూడేళ్లకి అయిపోయిందన్నారు. మా మీద కోపం లేదనీ, వాళ్ల ఆఫీసు వాళ్లే ఇక ఒప్పుకోరనీ అన్నారు.

రాజోలు వెళ్లి బావగారి ఇంట్లో, ఆ రోజు ఉన్నవాళ్లందర్నీ పిలిచి, నేనన్న మాట తప్పని చెప్పాను. బుల్లబ్బాయి "పోన్లెండీ, అయిపోయింది కదండీ" అన్నాడు. తక్కినవాళ్లు కాఫీ తాగారు. అన్న రోజున విన్నంత శ్రద్ధగా ఈసారి ఎవరూ వినలేదు.

మిల్లు నెల నుంచి పూర్తిగా ఆపేశాను. పోలమ్మ జగ్గన్నపేట వైపు ఇటికల బట్టీకి వెళుతోంది. షెడ్డు ఖాళీగా ఉంది. పోర్టు నుంచి వెనక్కి తెచ్చిన ఇటుకలు మీ రాయవరం షెడ్డులో పట్టవు, ఈ వానలకి తడిసిపోతాయి. ఇక్కడ పెట్టించు. లారీ నేను మాట్లాడతాను. మిల్లు కూడా ఇద్దరం కలిసి నడిపితే నడుస్తుందేమో, ఆలోచించు.

శ్రావణం రాగానే నాకు ద్రాక్షారామంలో చిన్న పని ఉంది. వీలుంటే అటు నుంచి మీ ఇంటికి వస్తాను.

అన్నయ్య,
కేశవరావు


రాయవరం,
జూలై 20, 2025.

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం చేరింది. బావగారు కూడా వచ్చి అక్కడ జరిగింది చెప్పారు. మీరు మాట వెనక్కి తీసుకున్నందుకు కృతజ్ఞతలు.

ఇటుకలకి మీ షెడ్డు అక్కర్లేదు. కడియం నర్సరీల వాళ్లకి వచ్చిన కాడికి ఇచ్చేశాను. రెండో ప్రెస్సు కూడా తీసేశాను. మిల్లు ఇద్దరం కలిసి నడిపే మాట నా మనసుకి రావడం లేదు. మీరు అడిగింది మంచి మనసుతోనే అని తెలుసు. కాని రేపు ఏదో ఒక ఉత్తరం రాకపోతే, మీరు మళ్లీ ఏమీ అడగకుండా ఊరుకుంటారు. నేను మళ్లీ నాకు తోచింది అనుకుంటాను. మనిద్దరికీ అది మారదు.

మేం వేరే పేరు పెట్టుకున్నాం. సైటు ఆ పేరు మీదికి మార్చేశాం. అచ్చాయమ్మ కాయిర్ మీదున్న ఎ వరస నేనే తీసేశాను. ఇప్పుడు ఆ పేరు కొడితే ఏ పేజీ రాదు. మీ ఎం.ఎక్స్. వరసలు మీరు పెట్టినట్టే ఉన్నాయి. ఈసారి ప్రియాంక చేత కూడా చూపించాను. పేరు పూర్తిగా మీదే. పంపకాల కాగితం మీద బావగారి చేత ఆ ముక్క రాయించి సంతకం పెట్టాను.

ఆవకాయ బాగుంది. వదినగారితో చెప్పండి. జాడీ కడిగి బావగారితో పంపించాను.

ద్రాక్షారామం పని మీద వస్తానన్నారు. రండి. భవాని వంట చేస్తుంది, భోంచేసి వెళుదురు గాని. పిల్లలు మీ గురించి అడుగుతున్నారు. వాళ్ల ముందు వ్యాపారం ఊసు వద్దు.

ఎప్పుడొచ్చేదీ ముందు ఫోను చేయండి. చెప్పకుండా రావద్దు.

నాగసతీష్